మిద్దె మీది సోయా జాడీ

మొన్న ఆదివారం మా మనవరాలు నన్ను మా వీధి చివర కొత్తగా తెరిచిన పెద్ద అంగడికి పిలుచుకొని పోయింది. లోపల చల్లగాలి, యాణ్ణుంచి వస్తా ఉందో తెలియని పాట, కందిపప్పు కూడా కవరు తొడుక్కొని పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కూర్చునే అంగడి. ఆ పిల్ల తోపుడుబండిలో అదీ ఇదీ వేసుకుంటా పోతా ఉంటే, ఒక అరలో నల్లటి సీసాలు వరసగా కనబడి నా కాళ్ళు ఆగిపోయినాయి. సోయా సాసు. ఒకటి తీసి బండిలో వేసినాను. "నీకెందుకవ్వా అది?" అని మనవరాలు నవ్వింది. వాసన చూసేదానికన్నాను. ఇంటికి రాగానే మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఉప్పు ఉండాది, నలుపు ఉండాది. ఎండ మాత్రం లేదు. ఎండ వాసన యేమిటవ్వా, సీసాలో ఎండ ఎట్లుంటుంది అని ఆ పిల్ల అడిగితే, దానికి జవాబు చెప్పడానికి నేను నలభై యేండ్లకు పైగా వెనక్కి పోవాల్సి వచ్చింది.

డెబ్బైల చివర అనుకుంటాను. నేను చిత్తూరు నుంచి తిరుపతికి కోడలిగా వచ్చి అప్పటికి కొన్నేండ్లయింది. మా అత్తగారిది నామాలు దిద్దుకునే ఇల్లు. మామగారు బడిలో తెలుగూ సంస్కృతమూ చెప్పే పంతులు. మా ఆయన దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. ఉల్లిపాయ మా వీధిలోకి వచ్చినా మా గుమ్మం ముందర తల వంచుకొని పోవాల్సిందే. ఇక వెల్లుల్లి సంగతి చెప్పనే అక్కరలేదు. అత్తమ్మ తెల్లవారకముందే బావి దగ్గర తల మీద చేదలు కుమ్మరించుకొని, తడి చీరతో వంటింట్లోకి పోయిందంటే, మళ్ళీ నైవేద్యం అయ్యేదాకా మామగారు కూడా గడప అవతల నుంచే గొంతు సవరించుకొని మాట్లాడాల. నన్ను ఆ వంటింట్లోకి పూర్తిగా రానిచ్చేదానికే ఆమెకు యేడాది పట్టింది. చిత్తూరు వాళ్ళు పులుసులో బెల్లం ఎక్కువ వేస్తారని ఆమెకొక అనుమానం.

మా మరిది ఇక్కడి వ్యవసాయ కాలేజీలో వరి మీద పనిచేసేవాడు. ఫిలిప్పీన్స్ దేశంలో వరి గురించి పెద్ద చదువు చెప్తారని ఆయన్ను పంపించినారు. పోయేటప్పుడు అత్తమ్మ చింతకాయ తొక్కు, కందిపొడి, ఇంత మాగాయ మూటగట్టి ఇచ్చింది. వచ్చేటప్పుడు ఆయన ఆ ఖాళీ డబ్బాలతోపాటు ఒక పిల్లను వెంటబెట్టుకొని వచ్చినాడు. పెండ్లి అక్కడే అయిపోయింది. గుండ్రటి ముఖం, నడుం దాటిన జడ, మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ, దాని పక్కనే మా మరిది కట్టిన పసుపుతాడు. చీర కట్టుకోవడం ఓడలో నేర్చుకుందో యేమో, కుచ్చిళ్ళు ఎడమకు పోవాల్సింది కుడికి పోయినాయి.

వాకిట్లో వాళ్ళిద్దరూ నిలబడి ఉన్నారు. అత్తమ్మ ద్వారబంధం పట్టుకొని నిలబడింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. ఎదురింటి కిటికీ తలుపులు మాత్రం ఒక్కొక్కటే తెరుచుకుంటా ఉన్నాయి. చివరికి మామగారు చదువుతా ఉన్న పుస్తకం మూసి లేచి వచ్చినారు. "వచ్చిన పిల్లను వాకిట్లో నిలబెట్టమని యే శాస్త్రంలో ఉండాది? కాళ్ళకు నీళ్ళియ్యి" అన్నారు. అత్తమ్మ నీళ్ళిచ్చింది. ఇస్తానే తన శాసనం కూడా చెప్పేసింది. నడవలోకి రావచ్చు, హాల్లో కూర్చోవచ్చు, మిద్దె మీది గదిలో కాపురముండొచ్చు, అక్కడ కిరసనాయిలు స్టవ్వు పెట్టుకొని వండుకోవచ్చు. వంటింటి గడప మాత్రం దాటకూడదు. ఆ పిల్ల చేతి నీళ్ళు తాను తాగదు. మా మరిది దాన్ని ఇంగ్లీషులో భార్యకు చెప్పినాడు. ఆ పిల్ల తల ఊపింది. సరేనన్నట్టు కాదు, అర్థమైంది అన్నట్టు. ఆ రెంటికీ తేడా మాకు తర్వాత తెలిసింది.

నన్ను చూసి మొదటి రోజే "ఆతే" అని పిలిచింది. నాకు ఒళ్ళు మండింది. నేను ఆమెకన్నా పెద్దదాన్నే గాని, అత్తంత పెద్దదాన్నా? "నేను నీకు అత్తను కాదమ్మా, తోటికోడలిని, అక్కను" అని చేతులు తిప్పి చెప్పినాను. ఆ పిల్ల నవ్వి, వాళ్ళ భాషలో ఆతే అంటేనే అక్క అని చెప్పింది. అసలు ఆ మాట కూడా వాళ్ళది కాదంట, చీనా నుంచి వచ్చిన తాతలు తెచ్చిన మాటంట. అప్పటినుంచి నేను ఆమెకు ఆతేనే. వీధిలోవాళ్ళు విని ఇదేందబ్బా వరసలు తారుమారైనాయే అనుకునేవాళ్ళు. తెలుగు మాత్రం చకచకా పట్టుకునింది, మా ఇంటి తెలుగే, ఉండాదీ లేదూ అంతా. ఒక్కటే తిరకాసు. వాళ్ళ భాషలో ఆయన, ఆమె అని వేరు మాటలు లేవంట. అందుకని "అత్తమ్మ వచ్చినాడు, మామ పోయింది" అనేది. ఇంట్లో పెత్తనం ఎవరిదో ఆ పిల్ల వచ్చిన వారంలోనే కనిపెట్టేసిందని మా ఆయన చెవిలో చెప్పి నవ్వేవాడు.

మామగారు మాత్రం తొందరగా ఆమె పక్షం చేరిపోయినారు. ఒకరోజు ఆ పిల్ల ముఖం కడుక్కోవాలని చెప్తా, తెలుగు మాట తోచక, వాళ్ళ భాషలో "ముఖా" అనేసింది. మామగారు కుర్చీలో నుంచి లేచి నిలబడినారు. ఇంకేమేం మాటలు ఉన్నాయో చెప్పమని కూర్చోబెట్టినారు. వాళ్ళు ఆశను "ఆసా" అంటారంట, బడి పంతులును "గురో" అంటారంట, బీదవాణ్ణి "దుఖా" అంటారంట. ముసలాయనకు నిధి దొరికినట్టయింది. "చూసినావా, మన మాట ఎప్పుడో సముద్రం దాటిపోయి వాళ్ళింట్లో కాపురం చేస్తా ఉండాది. మనమేమో వాళ్ళ పిల్లకు మన ఇంట్లో గడప అడ్డం పెడతా ఉండాం" అని వంటింటి వైపు చూసి గట్టిగా అన్నారు. వంటింట్లో గరిటె చప్పుడు ఇంకా గట్టిగా వినబడింది.

తిండి దగ్గర మాత్రం ఆ పిల్ల నలిగిపోయింది. చేపలూ మాంసమూ లేకుండా వాళ్ళ ఊర్లో ముద్ద దిగదు. మా ఇంటికొచ్చిన రోజే అవి మానేసింది. ఎవరూ అడగలేదు, ఆమే మానుకునింది. "ఇల్లు వద్దంటే వద్దు" అని నాతో చెప్పింది. సాంబారన్నం తినేది, రసం తాగేది, పెరుగన్నం చూసి మొదట్లో కళ్ళు మూసుకునేది. నెలలు గడిచేకొద్దీ చెంపలు లోపలికి పోయినాయి, జాకెట్లు వదులైనాయి. ఒక మధ్యాహ్నం మిద్దె మీద వడియాలకు కాకులు రాకుండా నేను కర్ర పట్టుకొని కూర్చోనుంటే, పక్కన వచ్చి కూర్చుంది. "ఆతే, అన్నీ మానేస్తా. తోయో మాత్రం మానను. అది లేకుంటే నాలుక నాది కానట్టుండాది" అనింది. తోయో అంటే వాళ్ళ సోయా రసం. తిరుపతిలో ఆ కాలంలో అది యాడ దొరుకుతుంది? కాబట్టి తానే చేస్తానంది.

అప్పుడే వాళ్ళ తాత కథ చెప్పింది. ఆయన చీనాలో పుట్టి, పిల్లవాడుగా ఓడెక్కి మనీలా దగ్గర ఒక ఊర్లో దిగి, పెద్దయినాక పెరట్లో జాడీలు పెట్టి సోయా రసం చేసి అమ్మినాడంట. ఆ ఊరి పిల్లనే పెండ్లి చేసుకున్నాడు. ఆయనకు నూనెలో ఎగరేసిన సేవలు, సేమ్యా మాదిరి పొడుగు పోగులు కావాల, ఆమె వైపువాళ్ళకు కొబ్బరిపాలు, పులుపు కావాల. పిల్లనిచ్చిన అత్తగారు ఆయన చేసిన సేవల్ని చూసి "వానపాములు వండుకొని తింటాడు" అని తిట్టిందంట. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు, రెండు కుండలు. "మరి ఎట్ల కలిసినారు?" అని నేనడిగినాను. "యేమో ఆతే, నేను పుట్టేసరికి ఒకే పొయ్యి ఉండింది" అని కాకిని తోలింది. వాళ్ళింట్లో ఎవరి పుట్టినరోజైనా ఆ సేవలే చేస్తారంట. పన్సిత్ అంటారు దాన్ని. పొడుగు పొడుగు సేవలు, తుంచకుండా తినాల. అవెంత పొడుగుంటే ఆయుస్సంత పొడుగని వాళ్ళ నమ్మకం.

మా మరిది కాలేజీ పొలంలో పరీక్షకు వేసిన సోయా చిక్కుడు గింజలు కొన్ని తెచ్చిచ్చినాడు. ఆ పిల్ల వాటిని మెత్తగా ఉడకబెట్టి, వేయించిన గోధుమపిండి కలిపి, చేటల్లో పరిచి, అరిటాకులు కప్పి గదిలో మూలకు పెట్టింది. నాలుగు రోజులకు గింజల మీద పసుపుపచ్చగా బూజు లేచింది. అదే కావాలంట, ఆ బూజే ప్రాణమంట. రోజూ ఆకు ఎత్తి చూసి, పసిబిడ్డను చూసినట్టు మళ్ళీ కప్పేది. అత్తమ్మ ఒకరోజు దుప్పట్లు ఎండేయను మిద్దె మీదికి పోయి, ఆ వాసన పట్టుకొని గదిలోకి తొంగి చూసింది. బూజు పట్టిన గింజలు చూసి ఆమెకు గుండె ఆగినంత పనైంది. ఇల్లంతా మైల పడిపోయిందని, చేటలతోసహా కిందికి తెచ్చి పాలామె ఎనుముకు పెట్టే కుడితి తొట్లో కుమ్మరించింది. మరుసటి రోజు పాలామె వచ్చి, "నిన్న యేం పెట్టినారమ్మా దానికి? ఇంకా ఉంటే ఇయ్యండి, ఎనుము తొట్టి నాకి నాకి వదలలేదు" అని అడిగింది.

ఆ పిల్ల ఖాళీ మూల చూసింది. నేను పక్కనే ఉన్నాను. ఏడుస్తుందనుకున్నాను, మొగుడికి చెప్పి పోట్లాట పెడుతుందనుకున్నాను. అదేమీ లేదు. ముఖం కడుక్కొని కిందికి దిగి వంటింటి గడప అవతల నిలబడింది. గడప మీద కాలు కూడా పెట్టలేదు.

"అత్తమ్మా, మీ ఆవకాయ జాడీ ఎవరైనా పారబోస్తే మీరేం చేస్తారు?"

అత్తమ్మ పప్పు మెదుపుతా తల తిప్పకుండానే చెప్పింది. "యేం చేస్తాను? మళ్ళీ పెడతాను."

"నేనూ మళ్ళీ పెడతాను" అనింది ఆ పిల్ల.

పప్పుగుత్తి ఒక్క క్షణం ఆగింది. అంతే. ఆ తర్వాత అత్తమ్మ మిద్దె గదిలోకి తొంగి చూడలేదు. అంగీకరించిందని నేననను. ఎదుటివాళ్ళ పంతాన్ని గుర్తుపట్టింది, అంతే. పంతం ఆమెకు కొత్త వస్తువు కాదు కదా.

సంక్రాంతి చలి పోయి ఎండ తిరిగినాక మళ్ళీ మొదలైంది. ఈసారీ బూజు సరిగ్గా పట్టింది. జాడీ లేకపోతే, మా అమ్మ చిత్తూరు నుంచి ఆవకాయ పెట్టి పంపిన గోధుమరంగు జాడీ కడిగి నేనిచ్చినాను. బూజెక్కిన గింజల్ని ఎండబెట్టి, ఉప్పునీళ్ళు కాచి చల్లార్చి పోసి, జాడీ మూతికి పల్చటి గుడ్డ కట్టి మిద్దె మీద పిట్టగోడ పక్కన పెట్టింది. పొద్దున గుడ్డ విప్పి కట్టెతో కలబెట్టడం, ఎండ చూపించడం, సాయంత్రం మూత పెట్టడం. ఒక పూట కూడా తప్పలేదు. జ్వరంతో మూలుగుతా కూడా దుప్పటి కప్పుకొని వచ్చి కలబెట్టింది. తిరుపతి ఎండ సంగతి తెలిసిందే కదా, బండల మీద కాలు పెడితే బొబ్బలెక్కే ఎండ. వాళ్ళ తాత ఊర్లో యేడాది పట్టేది ఈడ నాలుగైదు నెలల్లో అయిపోయేట్టుందని ఆ పిల్ల సంబరపడింది. మొదట్లో ముక్కు మూసుకునేంత వాసన. పోనుపోను అది మారింది. వేసవి నడుమకొచ్చేసరికి, మిద్దె మెట్లెక్కుతా ఉంటేనే కాలిన బెల్లం, కొత్త చింతపండు, వాన పడిన బండ, అన్నీ కలిపినట్టు ఒక వాసన ఎదురొచ్చేది. నేను మనవరాలికి చెప్పిన ఎండ వాసన అదే.

ఆ వేసవిలోనే ఒక ఆదివారం మధ్యాహ్నం గాలివాన లేచింది. బంగారుపాళ్యం మామిడితోపుల్లో కాయలన్నీ నేలపాలు చేసే రకం గాలి. ఆ పిల్లా మా మరిదీ చర్చికి పోయి ఇంకా రాలేదు. మిద్దె మీద అత్తమ్మ పెట్టిన గుమ్మడి వడియాలు ఎండతా ఉన్నాయి. అత్తమ్మా నేనూ పరుగెత్తి, వడియాల చీరలు మడిచి కిందికి తెచ్చినాము. నేను హాల్లో వాటిని పరుస్తా ఉండగానే మెట్ల మీద దబ్బుమని చప్పుడు. పోయి చూస్తే అత్తమ్మ తడిసి ముద్దయి కింది మెట్టు మీద పడుంది, కుడి మణికట్టు పట్టుకొని. "మళ్ళీ యెందుకు పోయినావత్తమ్మా పైకి?" అంటే, "ఇంకో చీర వడియాలుండాయి అనుకున్నా" అనింది నొప్పితో పండ్లు బిగించుకొని.

పైన ఇంకో చీర లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమెను లేపి పడుకోబెట్టి, నేను మిద్దె మీదికి పోయినాను. పిట్టగోడ పక్కన జాడీ లేదు. చూరు కిందికి ఈడ్చుకొచ్చి పెట్టి ఉంది, బండ మీద ఈడ్చిన గీత కూడా కనబడతా ఉంది. మూతికి ఇత్తడి పళ్ళెం బోర్లించి, దాని మీద రుబ్బురాయి పొత్రం పెట్టి ఉంది. ఆ పళ్ళెం అత్తమ్మ మడి పళ్ళెం. ఆ పిల్ల తడుస్తా ఇంటికి రాగానే నేను చూపించినాను. ఆ జాడీని చూసింది. తర్వాత చెంగుతో కండ్లు తుడుచుకొని, "ఆతే, అత్తమ్మ చెయ్యి విరిగిందా?" అనింది.

విరిగింది. మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కి పుత్తూరు పోయినాము. ఎముక విరిగిందంటే మా వైపు అందరూ పుత్తూరుకే పోతారు. అక్కడ కట్టు కట్టే పెద్దాయన ఎముక సర్ది, ఆకుల ముద్ద రాసి, వెదురు దబ్బలు పెట్టి కట్టినాడు. ఆ ముద్దలో తెల్లగా జిగటగా యేదో ఉండాదని అత్తమ్మకు అనుమానం వచ్చింది. "అదేందప్పా?" అని అడిగితే ఆయన, "కోడిగుడ్డు సొనమ్మా, పట్టు బాగుంటుంది" అన్నాడు. అత్తమ్మ ముఖం చూడాల అప్పుడు. మామగారు మాత్రం నవ్వు మీసాల కింద దాచుకొని, "మందుకు మడి లేదులేవే" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ చేతిని ఒంటికి తగలకుండా దూరంగా, ఎవరిదో చెయ్యి మోసుకొస్తున్నట్టు పట్టుకొని కూర్చుంది.

అసలు కష్టం ఇంటికొచ్చినాక మొదలైంది. వంట నా మీద పడింది, బాగానే ఉంది. అయితే ఆ వారంలోనే నేను బయట చేరినాను. ఆ కాలంలో మా ఇండ్లల్లో నెలసరి మూడు రోజులు ఆడదానికి పెరటి గదే గతి, ఇంట్లో దేన్నీ తాకకూడదు. కుడిచెయ్యి కట్టులో ఉన్న అత్తమ్మ, పెరట్లో చాప మీద నేను, ఇక ఇంట్లో మిగిలిన ఆడచెయ్యి ఒక్కటే. అత్తమ్మ ఆ చేతిని చూడనట్టే, "అరటిపండ్లూ పాలూ చాలు నాకు" అని గోడవైపు తిరిగి పడుకునింది. మామగారు ధైర్యం చేసి ఉప్మా చేయబోతే, మాడిన వాసన పెరటిదాకా వచ్చింది. మందు పట్టాలంటే కడుపుకు అన్నం ఉండాలని కట్టు కట్టినాయన చెప్పి పంపించినాడు. అత్తమ్మ వినలేదు. మరుసటి పొద్దుటికి కళ్ళు తిరిగి, లేవబోయి మంచం పట్టె పట్టుకొని కూలబడింది. అప్పుడు మామగారికి కోపం వచ్చింది. ఆయనకు కోపం రావడం నేను ఎరిగింది ఆ ఒక్కసారే. "చేతికి గుడ్డు పూసుకొని వచ్చినావు, దానికి లేని మైల ఆ పిల్ల వండిన మెతుకుకు ఉండాదా? నీ మడి నిన్ను చంపేదానికా, బతికించేదానికా?" అన్నారు. 

ఆ పిల్ల ఇదంతా మెట్ల దగ్గర నిలబడి వినింది. నేరుగా పెరట్లోకి వచ్చింది. నేను చూస్తా ఉండగానే బావిలో చేద వేసి, కట్టుకున్న చీరతోనే తల మీద నీళ్ళు కుమ్మరించుకునింది. ఒకటి, రెండు, ఇంకా. చీర పిండుకొని, జుట్టు ముడేసుకొని, అత్తమ్మ ఎట్ల నడుస్తుందో అట్లే, దేనికీ తగలకుండా చేతులు దగ్గరికి ముడుచుకొని నడిచింది. హాల్లో అత్తమ్మ మంచం పక్కగా పోతా ఉంటే, "ఎవరు చెప్పినారు నీకు మడి కట్టుకోమని?" అని అత్తమ్మ అడగడం నాకు వినబడింది.

"ఎవరూ చెప్పలేదు. రోజూ చూస్తానే ఉండాను కదా" అనింది ఆ పిల్ల. అని వంటింటి గడప దాటింది.

పెరటి గది నుంచి వంటింటి కిటికీ కనబడుతుంది. నేను చాప అక్కడికి ఈడ్చుకొని, యే డబ్బా యాడుందో అరిచి చెప్తా కూర్చున్నాను. బియ్యప్పిండి వేడినీళ్ళతో కలిపి ఉడికించి, ముద్దను మురుకుల గొట్టంలో పెట్టి సన్నటి సేవలు ఒత్తింది, ఎక్కడా తెగకుండా చుట్టలు చుట్టలుగా. ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టించింది. క్యారెట్టు, బీన్సు, క్యాబేజీ దారాల్లాగా తరిగింది. నువ్వులనూనెలో అల్లం వేసి కూరలు ఎగరేసి, సేవలు కలిపింది. తర్వాత మిద్దె మీదికి పోయి, జాడీలో నుంచి మొదటిసారి రసం వడకట్టి చిన్న గిన్నెలో తెచ్చి, కాచి పోసింది. ఆ నల్లటి రసం వేడి బాణలి అంచుకు తగిలినప్పుడు లేచిన ఆవిరి కిటికీలో నుంచి నా దాకా వచ్చింది. ఆకలితో నా నోట్లో నీళ్ళూరినాయి. దించి, నిమ్మకాయ పిండి, మిరియాల పొడి చల్లింది.

మామగారు తొలుత దేవుడికి చూపించినారు. తర్వాత ఆ పిల్ల అరిటాకు ముక్కలో పెట్టుకొని పోయి మంచం పక్కన నేల మీద కూర్చుంది. నేను పెరటి వాకిలి దాకా వచ్చి నిలబడి చూసినాను.

"అత్తమ్మా, మీ పుట్టినరోజు ఎప్పుడు?"

అత్తమ్మకు ఆ ప్రశ్న ఎవరూ వేసి ఉండరు. "ఎవరికి తెలుసు? కరువొచ్చిన యేడు పుట్టినానని మా అవ్వ చెప్పేది" అనింది గోడవైపే చూస్తా.

"తెలీదు కదా. అయితే ఈరోజే అనుకుందాం."

అత్తమ్మ తల ఇటు తిప్పింది. ఆకులో ఉన్నదాన్ని చూసింది. "ఉల్లిగడ్డ ఉండాదా?"

"లేదు."

"వెల్లుల్లి?"

"లేదు."

"మరి ఆ నల్లగా ఉండేది యేంది?"

"మీరు మూత పెట్టినది" అనింది ఆ పిల్ల.

 మామగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టినారు. అత్తమ్మ చాలాసేపు ఆ పిల్ల ముఖమే చూసింది. ఆమె ముఖాన్ని సరిగ్గా చూడడం అదే మొదటిసారేమో. తర్వాత, ఎవరో తనను తప్పు పట్టినట్టు, కొంచెం కోపంగానే చెప్పింది. "జాడీలో పెట్టింది యేదైనా ఊరగాయే. వాన తగిలితే చెడిపోతుంది. ఒక ఆడకూతురు ఇన్ని నెలలు ఎండలో పడిన కష్టం నా కళ్ళ ముందరే నీళ్ళపాలు కానిస్తానా?" చెప్పి నోరు తెరిచింది. ఆ పిల్ల సేవలు తుంచకుండా వేలికి చుట్టి నోట్లో పెట్టింది. అత్తమ్మ నెమ్మదిగా నమిలింది, మింగింది. మేమందరమూ ఆమె గొంతు వైపే చూస్తా ఉన్నాము.

"ఉప్పు చాలలేదు" అనింది అత్తమ్మ.

నాకు నవ్వూ ఏడుపూ ఒకటే అయిపోయినాయి. మా అత్తమ్మ పరాయివాళ్ళ వంటకు వంక పెట్టదు, మర్యాదగా బాగుందని చెప్పి ఊరుకుంటుంది. ఉప్పు చాలలేదని చెప్పిందంటే, ఆ వండిన మనిషి తన కోడలైపోయినట్టే. ఆ సంగతి ఆ పిల్లకు తెలియక ముఖం చిన్నబోతా ఉంటే, నేను పెరట్లోనుంచే సైగ చేసినాను, సంతోషపడవే అని. ఆకు ఖాళీ అయ్యింది. ఇంకొంచెం ఉండాదా అని అత్తమ్మ అడగలేదు, ఆకు వైపు చూసింది. ఆ పిల్ల లేచి మళ్ళీ తెచ్చింది.

కట్టు విప్పి, చెయ్యి కుదురుకున్నాక అత్తమ్మ ఒకరోజు ఆమెను పిలిచి, "ఆ కిరసనాయిలు కంపు మిద్దె మీద యెందుకు? నీ గిన్నెలు కిందికి తెచ్చుకో" అనింది. అంతకుమించి పెద్ద మాటలేమీ జరగలేదు మా ఇంట్లో. అన్నీ కలిసిపోయినాయని కూడా నేను చెప్పను. పెద్దల తద్దినాల రోజున ఆ పిల్ల పొయ్యి దగ్గరికి పోయేది కాదు. పొమ్మని అత్తమ్మ అనలేదు, పోతానని ఆమె అడగలేదు. ఆదివారం చర్చికి పోయేటప్పుడు మాత్రం జడలోకి పూలు అత్తమ్మే కట్టి ఇచ్చేది. పన్సిత్ అనే మాట అత్తమ్మ నోట్లో తిరగక పంచిత్తు అయింది. మామగారు ఊరుకుంటారా? "పంచి ఇత్తు, అంటే పంచి ఇస్తాను అని. అచ్చతెలుగు మాటే" అని అర్థం తీసి పెట్టినారు. వాళ్ళ తాత వింటే యేమనేవాడో గాని, మా ఇంట్లో దాన్ని నిజంగానే పంచినాము. ఇంటికి ఎవరొచ్చినా అత్తమ్మ ముందర అదే పెట్టించేది. బ్రహ్మోత్సవాలకు దిగిన చుట్టాలు, మామగారి శిష్యులు, చిత్తూరు నుంచి మా అన్నదమ్ములు, అందరూ తిన్నారు. మిద్దె మీద జాడీలు ఒకటి రెండైనాయి, రెండు నాలుగైనాయి. పోయేంతవరకూ వేసవిలో ఆకాశం నల్లబడితే అత్తమ్మ మొదట వాటికే మూత పెట్టమని కేక వేసేది.

మామగారూ పోయినారు, అత్తమ్మా పోయింది. నా తోటికోడలికి ఇప్పుడు డెబ్బై దాటినాయి, జుట్టంతా తెల్లబడింది, తెలుగులో ఆయన, ఆమె మాత్రం ఇంకా తారుమారే. కొన్నేండ్ల కిందట పూతలపట్టు పక్కన ఒక పెండ్లికి ఇద్దరమూ పోయినాము, దూరపు చుట్టాలది. ఆకు మీద నిమ్మకాయ అన్నం పక్కన నల్లటి సేవలు వడ్డించినారు. నోట్లో పెట్టుకొని మేమిద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. వంటవాణ్ణి పిలిచి ఇదేమిటప్పా అని అడిగితే, నడివయసు మనిషి, భుజం మీద తువ్వాలు సర్దుకొని గర్వంగా చెప్పినాడు. "నల్ల సేవలు తల్లీ. మా వైపు పాతకాలం వంట. మా అవ్వల నాటి నుంచి పెండ్లిండ్లలో చేస్తానే ఉండాము. మీ వైపు ఉండదేమో." నేను నోరు తెరవబోయినాను. నా తోటికోడలు ఆకు కింద నుంచి నా చెయ్యి నొక్కి పట్టుకుంది. "అట్లనా అప్పా? ఎట్ల చేస్తారో కొంచెం చెప్పు" అని అడిగింది. ఆయన పెండ్లి పందిట్లో, అంత హడావిడిలోనూ, మా పక్కన గొంతుక్కూర్చొని, పిండి ఎట్ల కలపాలో, సేవలు తెగకుండా ఎట్ల ఒత్తాలో ఓపికగా నేర్పించినాడు. ఆమె మధ్యమధ్యలో తల ఊపుతా, తెలియని చోట మళ్ళీ అడుగుతా, మంచి శిష్యురాలిలాగా వినింది. ఇంటికొచ్చే దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చొని ఆమె నవ్వుతానే ఉంది. నాకు ఆ రోజు అర్థమైంది. ఒక వంటను పాతకాలంది అనడానికి వందలయేండ్లు అక్కరలేదు, దాన్ని తెచ్చిన చెయ్యి ఎవరిదో మరిచిపోయేంత కాలం చాలు.